ఆ ఫారంలో నేను రాసిన పేరు

ఎనిమిదేళ్ళుగా ఒక సంతకం బరువు మోస్తున్నాను. సంతకానికి బరువేమిటని మీరు నవ్వచ్చు. నేనూ మొదట్లో అలాగే నవ్వి తోసేయాలని చూశాను. కుదరలేదు. బస్సులో కూర్చున్నా, బియ్యం ఏరుతున్నా, పిల్లల పేపర్లు దిద్దుతున్నా అది ఉన్నట్టుండి గుర్తొస్తుంది. గుర్తొచ్చిన ప్రతిసారీ ఎవరైనా నా ముఖం చూస్తున్నారేమోనని చుట్టూ చూస్తాను. ఇంట్లో చెప్పలేదు. తోటి టీచర్లకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. లేకపోతే చుట్టూ తిప్పి తిప్పి చివరికి చెప్పకుండానే లేచి వెళ్ళిపోతాను, నా సంగతి నాకు తెలుసు. ఒక ఆడపిల్ల తన చేతులతో చేసిన పనిని ఒక మగపిల్లవాడు చేశాడని రాసి, కింద సంతకం పెట్టాను. పొరపాటున కాదు. ఎవరో బలవంతపెడితే కాదు. ఆ పిల్లంటే అసూయ. అప్పటికి ఆ పిల్లకి పదిహేనేళ్ళు. నాకు నలభై ఒకటి.

నేను ఉప్పల్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో వర్క్‌షాప్ టీచర్‌ని. ఎనిమిది నుంచి పది దాకా పిల్లలకి వారానికి రెండు పీరియడ్లు ఉంటాయి. కొయ్య కొయ్యడం, ఇనుము రుద్దడం, రంధ్రాలు పెట్టడం, చిన్న చిన్న మోటార్లు బిగించడం. ఈ పనికి సాధారణంగా మగవాళ్ళని పెట్టుకుంటారు. మా స్కూలు నన్ను పెట్టుకుంది. ఆ మాట చెప్పుకోవడం నాకు ఎంత ఇష్టమో, ఈ కథంతా అందులోనే ఉంది.

మా నాన్న నాచారంలో ఒక కంపెనీలో లేత్ మిషన్ మీద పనిచేసే టర్నర్. జనగామ వైపు నుంచి పనికోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఆయన చేసిన ముక్కని కొలవకుండానే మిషన్‌లో బిగించేయొచ్చని చుట్టుపక్కల షెడ్లలో చెప్పుకునేవారు. మధ్యాహ్నం నేను డబ్బా తీసుకెళితే వాచ్‌మన్ చూసీ చూడనట్టు లోపలికి వదిలేవాడు. నాన్న తినేదాకా నేను ఆయన మిషన్ పక్కన నిలబడి, సన్నగా చుట్టలు చుట్టుకుని పడున్న ఇనుప రజను చూస్తూ ఉండేదాన్ని. నాకూ అలాంటి చెయ్యి రావాలని అప్పుడే మనసులో పడింది. డిప్లొమాలో మెకానికల్ తీసుకున్నాను. క్లాసంతా మగపిల్లలు. నేనొక్కదాన్నే.

మొదటి రోజే వర్క్‌షాప్ సారు నా చేతిలో రికార్డు పుస్తకం పెట్టాడు. నీ రాత బాగుందమ్మా, నువ్వు రాస్తూ ఉండు, పని వాళ్ళు చూసుకుంటారన్నాడు. మంచి మనిషే, ప్రేమగానే అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అందరూ వెళ్ళిపోయాక ఉండి ఆకురాయి పట్టుకున్నాను. ఇనుప ముక్కని చదునుగా రుద్దడం చూడ్డానికి తేలిక. రుద్దిన ముక్క మీద మూలమట్టం ఆనించి వెలుతురుకి ఎత్తి చూడాలి. రెండింటి మధ్య నుంచి వెంట్రుకంత వెలుతురు వచ్చినా మళ్ళీ మొదటికే. అరచేతులు బొబ్బలెక్కి, ఆరు నెలలు పట్టింది నాకు. వెలుతురు ఆగిన రోజు ఆ ముక్కని ఇంటికి తీసుకెళ్ళి నాన్న చేతిలో పెట్టాను. బొటనవేలి గోటితో అంచు తడిమి చూసి, మంచిగనే ఉన్నది అని పేపరు చదువుకోవడంలో పడిపోయాడు. అంతే. ఇంకో మాట వస్తుందేమోనని నేను కాసేపు అక్కడే నిలబడ్డాను.

తర్వాత ఎక్కడికి వెళ్ళినా ఆడమనిషై ఉండి ఈ పనా అనేవారు. పైకి చిరాకు పడేదాన్ని. లోపల మాత్రం పాయసం తాగినట్టు ఉండేది. అందరూ అలా ఆశ్చర్యపడాలంటే నాలాంటిది ఇంకొకతె ఉండకూడదు కదా. ఈ లెక్క నాకు అప్పుడు అర్థం కాలేదు. కాలేదా, లేక అర్థం చేసుకోదలచలేదా?

మా స్కూల్లో ఏం జరిగేదో చెబుతాను. పిల్లల్ని నలుగురేసి జట్లుగా విడదీసేదాన్ని. పీరియడ్ మొదలైన రెండు నిమిషాల్లో మగపిల్లలు ఇనుప ముక్కని బిగించి పట్టే వైస్ చుట్టూ మూగేవారు. ఆడపిల్లలు చార్టు, స్కెచ్ పెన్నులు తీసుకుని పక్కకి జరిగేవారు. ఎవరూ జరగమనలేదు. వాళ్ళంతట వాళ్ళే జరిగేవారు. పైగా ఆ బల్లల ఎత్తు ఆరడుగుల మగవాడికి సరిపోయేట్టు చేయించారు. పొట్టిగా ఉన్నవాళ్ళకి మోచెయ్యి పైకి లేచి, ఆకురాయి వంకర పోతుంది. నేనూ పొట్టిదాన్నే. కాళ్ళ కింద వేసుకోవడానికి ఒక చెక్క పలక చేయించుకున్నాను. పీరియడ్ అయిపోగానే ఆ పలకని నా బీరువాలో పెట్టి తాళం వేసేదాన్ని. పోతుందని. ఒక చెక్క పలక ఎక్కడికి పోతుందండీ? ఆడపిల్లలు ఎందుకు ముందుకు రావడం లేదని ఎవరైనా అడిగితే, ఆసక్తి ఉంటే వస్తారు, నేను రాలేదా అనేదాన్ని. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

అలా నడుస్తుండగా మా ప్రిన్సిపాల్ సారు ఏదో శిక్షణకి వెళ్ళొచ్చి కొత్త పద్ధతి పెట్టారు. ప్రతి వైస్ ముందూ ఒక పలక ఉండాలన్నారు. పీరియడ్ మధ్యలో రెండుసార్లు గంట కొట్టాలి. గంట కొట్టగానే చేతులు మారాలి. ఆకురాయి పట్టినవాడు రికార్డు రాయాలి, రాసిన పిల్ల ఆకురాయి పట్టాలి. నేను గొణిగాను. పని నాణ్యత పోతుందన్నాను, పిల్లలకి ఏదీ పూర్తిగా రాదన్నాను. మావారి దగ్గర రెండు వారాలు ఇదే సోది. నా బాధ పని గురించి కాదని ఆయనకి తెలియదు.

ఆ గంట కొట్టినప్పుడే అఖిల బయటపడింది.

తొమ్మిదో తరగతి. సన్నగా, మాట తక్కువగా ఉండేది. ఇల్లు నాచారంలో. వాళ్ళ నాన్న లోడ్ ఆటో నడుపుతాడు. అమ్మ ఇంట్లోనే మిషన్ పెట్టుకుని ఒక గార్మెంట్ యూనిట్ వాళ్ళకి యూనిఫారాలు కుడుతుంది. ఆ మిషన్ మొరాయించినప్పుడల్లా విప్పి బాగుచేసేది ఈ పిల్లే. ఎవరూ నేర్పలేదు. ఆకురాయి పట్టుకుంటే తల ఒక పక్కకి వాల్చి చప్పుడు వినేది. ఇనుము సరిగ్గా తెగుతున్న చప్పుడు వేరుగా ఉంటుంది, అది చెవికి పట్టడానికి నాకు ఏళ్ళు పట్టింది. మూడో వారంలో ఒక ముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. మూలమట్టం ఆనించి కిటికీ వైపు ఎత్తాను.

వెలుతురు లేదు.

ఇంకో పక్కకి తిప్పాను. లేదు. నాలుగు పక్కలూ చూశాను, మూలలు చూశాను, మూలమట్టం పాడైందేమోనని ఇంకోటి తెచ్చి చూశాను. పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ ఒక పిల్లలో అంతగా వంక వెతికి ఉండరు. చివరికి ముక్క తిరిగి ఇచ్చేసి, ఇంకా కొంచెం రుద్దు అన్నాను. ఇంకా రుద్దితే పాడవుతుందని నాకు తెలుసు. ఆ పిల్లకీ తెలుసనుకుంటాను. సరే మేడమ్ అని తీసుకెళ్ళి, రుద్దకుండా దగ్గర పెట్టుకుంది.

అప్పటినుంచి నాకు మనశ్శాంతి లేదు. నాకేం తక్కువ? ఉద్యోగముంది, ఇల్లుంది, నెమ్మదైన మొగుడున్నాడు, చదువుకునే కొడుకున్నాడు. ఒక ఆటోడ్రైవర్ కూతురి మీద కళ్ళల్లో నిప్పులు పోసుకోవడమేమిటి? అదే పని ఒక మగపిల్లవాడు చేస్తే నేనేం చేసి ఉండేదాన్ని? స్టాఫ్ రూమంతా తిప్పి చూపించేదాన్ని. అంతకుముందు అలా చూపించాను కూడా. మగపిల్లవాడు బాగా చేస్తే వాడు నా శిష్యుడు. ఆడపిల్ల బాగా చేస్తే నాకు పోటీ. ఈ సంగతి ఇప్పుడింత సులువుగా రాస్తున్నాను కానీ, అప్పుడు దానికి వేరే వేరే పేర్లు పెట్టుకున్నాను. ఆ పిల్లకి పొగరు అనుకున్నాను. వినయం లేదు అనుకున్నాను. మాట్లాడని పిల్లకి పొగరెక్కడిది?

చిన్న చిన్న పనులు చేశాను. పళ్ళు అరిగిపోయిన ఆకురాయి ఆ పిల్లకి అందేట్టు చూసేదాన్ని. దానితోనూ బాగానే చేసేది, మరీ మండేది. మంచి పని జరుగుతున్నప్పుడు పిలిచి, బీరువా మీద అంటించడానికి పేర్ల చీటీలు రాయించేదాన్ని. రాత ముత్యాల్లా ఉండేది మరి. జట్టులో మగపిల్లలు కూడా రికార్డు రాయాల్సిన వంతు వస్తే అఖిలని బతిమాలేవారు. ఆ పిల్ల కాదనేది కాదు. వాళ్ళ వంతు రాసి, తన వంతు పని చేసి, వాళ్ళు వదిలేసిన పని కూడా తనే చేసేది. ప్రిన్సిపాల్ సారు పెట్టిన రూలు ఇలా పక్కదారి పట్టడం నేను చూస్తూనే ఉన్నాను. ఒక్కసారీ ఆపలేదు.

పదో తరగతిలో ఒక్కో జట్టు ఒక్కో వస్తువు చేయాలి. అఖిల జట్టు టిచ్ బటన్లు బిగించే చేతి ప్రెస్ చేసింది. ఆలోచన అఖిలదే. వాళ్ళ అమ్మ ఆ బటన్లు సుత్తితో కొట్టి బిగించేదట, నాలుగు కొడితే ఒకటి నలిగేదట. ప్రెస్‌లో నాలుగు భాగాలు: కింద పాదం, నిలువు కడ్డీ, పైన పిడి, ఆ పిడి నొక్కితే తిన్నగా దిగే అచ్చు. అచ్చు ఊగకుండా దిగాలి, అక్కడే అసలు పనితనం. నాలుగూ అఖిల చేసింది. రికార్డు అఖిల రాసింది. వినీత్ అని జట్టులో ఒక మంచి పిల్లవాడు, రెండు రంధ్రాలు పెట్టి ఆకుపచ్చ రంగు వేశాడు. మిగిలిన ఇద్దరూ చప్పట్లు కొట్టారు.

ఏటా వేసవికి ముందు యాదగిరి కాక మా స్కూలుకి వచ్చేవాడు. నాన్నతో కలిసి పనిచేసిన మనిషి, నాకు బాబాయి వరస కట్టి కాక అని పిలిచేదాన్ని. నాచారంలోనే ఇంకో కంపెనీలో, అచ్చులు తయారుచేసే టూల్‌రూమ్‌లో ఫోర్‌మన్‌గా ఉండేవాడు. వాళ్ళు చుట్టుపక్కల స్కూళ్ళ నుంచి పదో తరగతి అయిన పిల్లల్ని స్కూలుకి ఒక్కరి చొప్పున తీసుకుని, మూడేళ్ళు పని నేర్పి, తర్వాత అక్కడే ఉద్యోగం ఇచ్చేవారు. ఒక్క ఆడపిల్ల కూడా ఎప్పుడూ వెళ్ళలేదు. అఖిల ఇంట్లో ఈ సీటు వస్తే పంపిస్తామన్నారు. రాకపోతే పక్క వీధిలో ఉన్న అమ్మాయిల కాలేజీలో కామర్స్. ఇది ఆ పిల్లే నాకు చెప్పింది, నా వల్ల వస్తుందన్న నమ్మకంతో.

కాక వచ్చి బల్ల మీది వస్తువులన్నీ చూశాడు. ప్రెస్ దగ్గర ఆగాడు. పిడి నొక్కాడు, వదిలాడు. మళ్ళీ నొక్కాడు. అచ్చు విప్పి చేతిలోకి తీసుకుని, అచ్చం నాన్నలాగే బొటనవేలి గోటితో అంచు తడిమాడు.

“గీ చెయ్యి ఎవలది బిడ్డా?” అన్నాడు. “మీ నాయిన చెయ్యి లెక్కనే ఉన్నది.”

నాన్న పోయి అప్పటికి రెండేళ్ళు. నలభై ఏళ్ళలో ఆ మాట నా గురించి ఎవరూ అనలేదు. కాక నా పని ఎన్నిసార్లో చూశాడు, ఆయనా అనలేదు. ఎవరి కూతురో, నాన్నని ఒక్కసారి కూడా చూడని పిల్ల, నాన్న చెయ్యి ఎత్తుకుపోయింది. నాకు అలాగే అనిపించింది, ఇప్పుడు మీకు చెబుతుంటే నాకే సిగ్గుగా ఉంది. అందరూ కలిసి చేశారు కాకా, ఎవరిదేమిటో మీ కంపెనీ సిఫారసు ఫారంలో రాసి పంపిస్తానన్నాను. సరే బిడ్డా అని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఆఖరి గంట కొట్టాక స్టాఫ్ రూములో కూర్చుని ఫారం నింపాను. విద్యార్థి పేరు, చేసిన భాగం, మీ సిఫారసు. వినీత్ పేరు ఎదురుగా నాలుగు భాగాలూ రాశాను. అఖిల పేరు ఎదురుగా రికార్డు, చార్టు అని రాశాను. చెయ్యి వణకలేదు. చెయ్యి వణికిందని రాస్తే మీకు నా మీద కాస్త జాలి కలుగుతుంది కానీ, వణకలేదు. సంతకం పెట్టి ప్రిన్సిపాల్ సారుకి ఇచ్చాను. గంట కొట్టించి చేతులు మార్పించిన ఆ మనిషే ఫారం చదివి, అఖిల రాత నిజంగా చాలా బాగుంటుందని మెచ్చుకుని కింద తన సంతకం పెట్టారు.

ఒక్క ప్రశ్న లేదు. దీని గురించే నేను ఎక్కువ ఆలోచిస్తాను. అదే నేను తిరగేసి, వినీత్ రంగు వేశాడు, అఖిల ప్రెస్ చేసింది అని నిజం రాసి ఉంటే నలుగురైనా వచ్చి, నిజమేనా మేడమ్, అంతా ఆ పిల్లే చేసిందా అని అడిగేవారు. అబద్ధం కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. రికార్డంతా ఆ పిల్ల చేతిరాతలో కళ్ళెదుట కనిపిస్తోంది కదా. ఇంత బాగా రాసిన పిల్ల ఇంకేం చేసి ఉంటుందనుకున్నారు. ఆ పిల్ల రెండు పనులు చేసింది, ఒకటి రెండోదాన్ని కప్పేసింది. అలా కప్పేస్తుందని నాకు తెలుసు, ఎందుకంటే నా చేతిలోనూ ఒకప్పుడు ఒకాయన రికార్డు పెట్టాడు. ఆడవాళ్ళని ఎలా పక్కకి తప్పిస్తారో తెలిసినదాన్ని కాబట్టే అంత శుభ్రంగా తప్పించగలిగాను.

వినీత్ ఒక్కడే వచ్చాడు, మర్నాడు, నసుగుతూ. అది అఖిల చేసింది కదా మేడమ్ అన్నాడు. జట్టు పని అంటే అంతే, ఎవరో ఒకరి పేరే రాయాలి, నీకు సీటు వద్దా అని అడిగాను. వాడు నేలకేసి చూశాడు. పదిహేనేళ్ళవాడిని, కావాలో వద్దో చెప్పమని అలా నిలబెట్టాను. ఆ పాపంలో వాడికీ వాటా పంచాను.

వారం తర్వాత జాబితా వచ్చింది. ఆ రోజు పీరియడ్ అయిపోయి పిల్లలంతా వెళ్ళాక అఖిల ఉండిపోయింది. బ్రష్షుతో బల్ల మీది రజను దులుపుతూ, నా వైపు చూడకుండా అడిగింది.

“మేడమ్, నా పని మంచిగ లేదా?”

“మంచిగనే ఉంది.”

“మరి వినీత్‌ను ఎందుకు తీసుకున్నరు?”

కంపెనీ వాళ్ళ ఇష్టం అని తప్పించుకోవచ్చు. అది కూడా అబద్ధమే, కానీ చిన్న అబద్ధం. నేను పెద్దది ఎంచుకున్నాను.

“అక్కడ దినమంతా నిలబడి చెయ్యాలె అఖిలా. నీకెందుకు ఆ తిప్పలు? నీది రాత చెయ్యి. పని చెయ్యి గాదు.”

“నాకైతే పని చేస్తుంటేనే మంచిగనిపిస్తది మేడమ్.”

“అనిపిస్తది. అనిపిస్తే సరిపోదు.”

ఆ పిల్ల కాసేపు తన అరచేతులు చూసుకుంది. సరే మేడమ్ అంది. పరికరాలు ఒక్కొక్కటీ తుడిచి, గోడ మీద వాటి వాటి మేకులకి తగిలించి వెళ్ళిపోయింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను కరిగి నిజం చెప్పేదాన్నేమో అని చాలాకాలం అనుకున్నాను. అదీ అబద్ధమే. చెప్పి ఉండేదాన్ని కాదు.

వినీత్ నాలుగు నెలలకే మానేశాడు. వాడి తప్పేం లేదు, వాడికి ఆ పని రాదు. యాదగిరి కాక నాకు ఫోన్ చేసి, ప్రెస్ చేసిన చెయ్యి ఈ పోరనిది అంటే తనకి నమ్మబుద్ధి కావడం లేదన్నాడు. పిల్లలు కదా కాకా, మనసు మారుతుందన్నాను. ఇప్పుడు వినీత్ ఒక బైకుల షోరూములో పనిచేస్తున్నాడు, ఎక్కడైనా కనిపిస్తే నమస్తే పెట్టి త్వరగా వెళ్ళిపోతాడు. కాక పోయి మూడేళ్ళవుతోంది. ఆ తర్వాత ఆ కంపెనీ వాళ్ళు మా స్కూలుకి పంపే ఉత్తరంలో అబ్బాయిల పేర్లు పంపండి అనే రాస్తున్నారు. మీ ఆడపిల్లలకి ఆసక్తి లేదు కదా అని ఒకసారి నవ్వుతూ అన్నారు కూడా.

నాకు మాత్రం పేరు పెరిగింది. ఈ మధ్య సైనిక్‌పురిలో ఒక స్కూల్లో టీచర్ల సమావేశం పెట్టి, వర్క్‌షాపుల్లో ఆడపిల్లలు ఎందుకు వెనకపడుతున్నారో చెప్పమని నన్ను పిలిచారు. వెళ్ళాను. బల్లల ఎత్తు గురించి చెప్పాను. గంట కొట్టి చేతులు మార్చడం గురించి, అది నా ఆలోచనే అన్నట్టు చెప్పాను. రాత బాగున్న పిల్లకి రికార్డు అంటగట్టకండి అని కూడా చెప్పాను, గొంతు పెంచి మరీ. చెప్పేవి శ్రీరంగనీతులు. అందరూ రాసుకున్నారు. చివర్లో ఒక చిన్న వయసు టీచరమ్మ లేచి, మీ స్కూలు నుంచి టూల్‌రూమ్ శిక్షణకి ఒక్క అమ్మాయైనా వెళ్ళిందా మేడమ్ అని అడిగింది. మామూలు ప్రశ్నే. గుమ్మడికాయల దొంగలా నేనే భుజాలు తడుముకున్నాను. ఎవరూ ముందుకు రాలేదమ్మా అన్నాను. శాలువా కప్పారు. కప్పించుకున్నాను.

ఆ తర్వాత పది రోజులకి కుక్కర్ గ్యాస్కెట్ కోసం ఉప్పల్ మార్కెట్లో రిపేరు షాపుకి వెళ్ళాను. వెనక నుంచి ఎవరో మేడమ్ అని పిలిచారు. తిరిగి చూస్తే అఖిల. కొంచెం ఒళ్ళు చేసింది. గుడ్డసంచిలో మిక్సీ పట్టుకుని నిలబడి ఉంది. ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షల రిపోర్టులు టైపు చేస్తోందట. షాపతను తీరిక లేదు, రేపు రమ్మంటున్నాడట. మిక్సీ వంక చూశాను. జారు కూర్చునే చోట తిరిగే రబ్బరు చక్రం పళ్ళు అరిగిపోయాయి, అంతే. కొత్తది షాపులోనే వేలాడుతోంది. రెండు నిమిషాల పని. నువ్వే మార్చుకోవచ్చు కదా అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

అఖిల నవ్వింది. “నాకు గివన్ని ఏడొస్తయి మేడమ్? మీరే అన్నరు గదా, నీది రాత చెయ్యి అని. మీరు చెప్పిందే నయమైంది. కూసుండి చేసే నౌకరి దొరికింది.”

ఎత్తిపొడుపు ఉందేమోనని ముఖంలోకి చూశాను. లేదు. నిజంగానే మంచి చేశాననుకుంటోంది. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు, వెళ్ళిపోబుద్ధీ కాలేదు. షాపతని దగ్గర స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని మిక్సీని బల్ల మీద తిరగేశాను. కింద మోటారుని కదలకుండా ఆపి, పైన చక్రాన్ని తిప్పాను. రాలేదు. గట్టిగా తిప్పాను. రాలేదు. అప్పుడు అఖిల చెయ్యి వచ్చి నా చెయ్యి మీద పడి, దాన్ని అటు కాదు, ఇటు తిప్పింది. చక్రం వదులైపోయింది. మిక్సీ చక్రానికి మరలు ఎదురు దిక్కున ఉంటాయి, నాకు తెలుసు, కంగారులో మరిచిపోయాను. ఆ పిల్ల చెయ్యి మరిచిపోలేదు. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుని, ఏదో అట్ల తిరిగింది మేడమ్ అని సర్దుకుంది. కొత్త చక్రం నేను బిగించాను. స్విచ్ వేస్తే తిరిగింది.

“ఎంతైనా మీ చెయ్యే చెయ్యి మేడమ్,” అంది.

అప్పుడు చెప్పాలి. అంతకంటే మంచి సమయం ఉండదు. నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో కూడా చెబుతాను, ఇదంతా రాసింది దాని కోసమే. ఆ మాట వినగానే నాకు మొదట కలిగింది పశ్చాత్తాపం కాదు. సంతోషం. మా నాన్న అనని మాట, కాక అనని మాట, ఆ పిల్ల నోటి నుంచి వచ్చింది. ఈ పనిలో ఇంకా నేనొక్కదాన్నే అనిపించింది. రెండు మూడు క్షణాలే కావచ్చు. సిగ్గు ఆ తర్వాత వచ్చింది. అఖిల సంచి సర్దుకుని మెట్రో స్టేషన్ వైపు వెళ్ళిపోయింది. నేను గ్యాస్కెట్ కొనకుండానే ఇంటికి వచ్చాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు. అడగాల్సిన మనిషి దగ్గరికి ఎప్పుడైనా వెళతానో లేదో నాకు తెలియదు. వెళతానని ఇక్కడ రాస్తే ఇంకో అబద్ధం అవుతుందేమోనని భయం.

ఆ ప్రెస్ అఖిల చేసింది. పాదం, కడ్డీ, పిడి, అచ్చు, నాలుగూ. వినీత్ రెండు రంధ్రాలు పెట్టి రంగు వేశాడు. ఈ ముక్క కాగితం మీద పెట్టడం ఎనిమిదేళ్ళలో ఇదే మొదటిసారి. పెట్టాక ఊపిరి కాస్త తిన్నగా ఆడుతోంది.

ఆ పిల్ల పేరు అఖిల కాదు. అసలు పేరు ఇక్కడ కూడా రాయలేకపోయాను.